చిన్న సంఘం, తక్కువ డబ్బు: క్రిస్మస్‌కి ఏ సేవ చేయగలం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది చిన్న క్రైస్తవ సంఘం. నిధులు పెద్దగా లేవు. పనికి ముందుకొచ్చేవాళ్లు పది మంది లోపే. ప్రతి ఏడాదీ క్రిస్మస్ అంటే స్టేజీ, లైట్లు, పిల్లల డ్యాన్సులతో అయిపోతోంది. ఈసారి ఎవరికైనా నిజంగా సంతోషం కలిగించే సేవ చేయాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. "ఏ కార్యక్రమం పెడదాం?" అని మొదలుపెట్టకండి. "మన దగ్గర ఎవరు తప్పిపోతున్నారు?" అని మొదలుపెట్టండి. ఒకప్పుడు మందిరానికి వచ్చి ఇప్పుడు రాలేకపోతున్నవాళ్లు, వచ్చినా ఎవరూ పలకరించనివాళ్లు, పండగ రోజున ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్లు. వీళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేరుకి ఒక మనిషిని అప్పగించండి. ఆ మనిషి పండగకి ముందు ఒకసారి, పండగ రోజుల్లో ఒకసారి, పండగ వెళ్లిపోయాక ఒకసారి వాళ్లని కలవాలి. అంతే. దీనికి డబ్బు దాదాపు అక్కర్లేదు, పది మంది చాలు.

సంఘంలో పరిచర్య బృందాన్ని చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. పెద్ద ఎత్తున పంపిణీలూ చేశాం, ఇలా ఇంటింటికీ వెళ్లడమూ చేశాం. రెండోదే మేలని ఎందుకు అంటున్నానో చెప్తాను.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. మొదటి సంఘంలో సేవ విషయంలో వచ్చిన తొలి గొడవ డబ్బు చాలక వచ్చింది కాదు. రోజూ పంపిణీ జరుగుతూనే ఉంది. కానీ గ్రీకు మాట్లాడే యూదుల్లోని విధవరాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. అప్పుడు అపొస్తలులు, అంటే సంఘాన్ని నడిపిన యేసు ముఖ్య శిష్యులు, ఏం చేశారు? ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేయించారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరు తప్పిపోతున్నారో ఆ వర్గం వాళ్ల చేతికే ఆ బాధ్యత వెళ్లిందని అర్థమవుతోంది. ఇది మీ బృందాన్ని ఎంచుకోవడానికి కూడా పనికొస్తుంది. భర్త పోయిన ఆవిడ దగ్గరికి ఉత్సాహంగా ఉన్న యూత్ లీడర్ని పంపడం కంటే, అదే బాధ దాటొచ్చిన ఇంకో ఆవిడని పంపితే మాట ముందుకు సాగుతుంది. పక్షవాతం వచ్చినాయన ఇంటికి, తన ఇంట్లో అలాంటి మనిషిని చూసుకున్నవాళ్లు వెళ్తే ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు ఉండాలో వాళ్లకే తెలుస్తుంది.

లిస్టు ఎలా రాయాలి. పాస్టర్‌గారు ఒక్కరినే అడిగితే సగం పేర్లే వస్తాయి. సంఘంలో అందరి ఇళ్ల సంగతులూ తెలిసిన పెద్దావిడ ఒకరు తప్పకుండా ఉంటారు, ఆవిడ పక్కన కూర్చోండి. సండే స్కూలు టీచర్ని అడగండి, ఏ పిల్లలు రావడం మానేశారో వాళ్లకి తెలుసు. ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి, ఒకప్పుడు క్రమం తప్పకుండా వచ్చి ఇప్పుడు కనిపించనివాళ్లు ఎవరో పెద్దలను అడగండి. వెనక వరసలో కూర్చుని ఆఖరి పాట అయ్యీ అవకముందే వెళ్లిపోయేవాళ్లను గుర్తు చేసుకోండి. ఈ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాల పేర్లు విడిగా రాయండి.

కాగితం మీద మూడే గడులు చాలు: ఎవరు, ఎవరికి అప్పగించాం, వాళ్లు ఏం అడిగారు. ఆ మూడో గడి ఖాళీగానే ఉంచండి. అది మనం ఊహించి నింపేది కాదు. మొదటి సారి కలిసి వచ్చాక వాళ్ల మాటల్లోనే రాయాలి.

ఎందుకంటే మనం అనుకునేదీ వాళ్లకి కావలసిందీ చాలాసార్లు ఒకటి కాదు. మా సంఘంలో ఒక పెద్దావిడ మోకాళ్ల నొప్పులతో మందిరానికి రావడం మానేశారు. దుప్పటి ఇద్దామని మావాళ్లు అనుకున్నారు. వెళ్లి అడిగితే దుప్పట్లు బోలెడు ఉన్నాయన్నారు. చూపు మందగించి బైబిలు చదవలేకపోతున్నారు, అదీ ఆవిడ బాధ. పక్కన కూర్చుని కీర్తనలు చదివి వినిపించమన్నారు. అది కూడా ఆవిడకి ఒక పద్ధతి ఉంది: వచనం నంబరు చెప్పి చదవాలి, వేగంగా పోకూడదు, తనకి నోటికి వచ్చిన వచనం వస్తే మనం ఆగాలి, ఆవిడ పూర్తి చేస్తారు. చదవడం అయ్యాక ఆదివారం ఎవరెవరు వచ్చారో, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వరసగా చెప్పాలి. ఎవరి పేరైనా వదిలేస్తే ఆవిడే అడిగేవారు. ఆవిడకి మందిరం అంటే ఆ మనుషులే. మా బృందంలో ఆవిడ ఇంటికి వెళ్లే అమ్మాయి కొన్నాళ్లకి ఆదివారం కొంచెం ముందే వచ్చి, ఎవరెవరు వస్తున్నారో చూసుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇంకో ఇంట్లో భార్య పోయినాయన. పండగకి గిఫ్టు తీసుకెళ్తామంటే వద్దన్నారు. చాలాసేపటికి ఒక మాట చెప్పారు. ముప్పై నలభై ఏళ్లు మందిరంలో ఇద్దరం ఒకే చోట కూర్చున్నాం, ఇప్పుడు ఆ చోట ఒక్కడినే కూర్చోలేకపోతున్నాను అని. క్రిస్మస్ ఆరాధనకి మావాళ్లలో ఒకాయన వెళ్లి పక్కన కూర్చున్నారు. మాట్లాడింది ఏమీ లేదు, పాటల పుస్తకం పట్టుకున్నారు అంతే.

చిన్న పిల్లలున్న తల్లుల సంగతి వేరు. ఆరాధన మొత్తం బయట వరండాలోనే గడిచిపోతుంది వాళ్లకి. ప్రత్యేక అవసరాలున్న పిల్లాడి తల్లి అయితే మరీను. "ఈ ఒక్క ఆరాధన మీరు లోపల కూర్చోండి, బాబుని మేం చూసుకుంటాం" అనడమే ఆమెకి పెద్ద కానుక. కానీ ఆ రోజే కొత్తగా వెళ్లి బిడ్డని తీసుకుంటే బిడ్డ ఉండడు. రెండు మూడు ఆదివారాల ముందు నుంచే ఆ పిల్లాడితో పరిచయం పెంచుకోవాలి. పండగకి ముందు ఒకసారి కలవమన్నది ఇలాంటివాటి కోసమే.

అందుకే సమయం గురించి ఒక మాట. డిసెంబర్ 20 తర్వాత మొదలుపెడితే ఏ సేవా సరిగ్గా సాగదు. పాటల ప్రాక్టీసు, డెకరేషన్, అతిథులు, అందరూ అలసిపోయి ఉంటారు. పండగకి ముందు వచ్చే నాలుగు ఆదివారాలను చాలా సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. మీ సంఘంలో ఆ ఆచారం లేకపోయినా ఆ నాలుగు వారాలను పనికి వాడుకోండి. మొదటి వారం పేర్లు, రెండో వారం తొలి సందర్శన, మూడో వారం వాళ్లు అడిగిన దానికి ఏర్పాట్లు. నాలుగో వారం ఖాళీగా ఉంచండి, ఎవరో ఒకరు ఆస్పత్రి పాలవుతారు, ఏదో ఒక పని అడ్డొస్తుంది.

పెద్ద సంఘాల నుంచి నేర్చుకోదగ్గ పద్ధతి ఒకటుంది. 1979లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ వాళ్లు ఏంజెల్ ట్రీ అని ఒకటి మొదలుపెట్టారు. పేద కుటుంబాల పిల్లలకి ఏం కావాలో చిన్న కార్డుల మీద రాసి క్రిస్మస్ చెట్టుకి తగిలించారు. ఇష్టమున్నవాళ్లు ఒక కార్డు తీసుకుని అందులో ఉన్నది కొనిచ్చారు. అందులో నాకు నచ్చేవి రెండు. అడిగి రాస్తారు కాబట్టి పనికిరాని వస్తువు రాదు. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఎదురుపడక్కర్లేదు కాబట్టి ఎవరూ చిన్నబోరు. మీరు ఇదే పద్ధతిని వస్తువులకి బదులు పనులకి వాడండి. "బల్బు మార్చాలి", "ఫోన్‌లో మనవడితో వీడియో కాల్ ఎలా చేయాలో నేర్పాలి", "పరీక్షకి ఆస్పత్రికి తోడు రావాలి", "ఫారం నింపిపెట్టాలి". ఇలాంటి కార్డులు గోడకి పెడితే, కానుక ఇవ్వలేని కాలేజీ కుర్రాడు కూడా ఒకటి తీసుకోగలడు. కార్డు మీద ఇంటివాళ్ల పేరు వద్దు, నంబరు వేయండి, పేర్లు మీ దగ్గర ఉంటే చాలు.

దొర్కా గురించి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో చదివాం కదా. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ అపొస్తలుడైన పేతురుకి చూపించారు. ఆమె ఎవరికి ఏం కుట్టిందో అక్కడున్న ప్రతి స్త్రీకీ తెలుసు. సేవ అలా ఒక మనిషి నుంచి ఒక మనిషికి చేరాలని నా కోరిక.

క్యారల్స్‌కి వెళ్లేటప్పుడు ఈ లిస్టును చేతిలో పెట్టుకోండి. చాలా బృందాలు ఎక్కువ ఇళ్లు తిరగాలని పరుగెడతాయి. మంచం మీద ఉన్నవాళ్ల ఇంటికి అర్ధరాత్రి డ్రమ్ములతో వెళ్లకండి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నలుగురైదుగురు మాత్రమే వెళ్లండి. ఏ పాట కావాలో వాళ్లనే అడగండి. రెండు పాటలు పాడి, వాయిద్యాలు పక్కన పెట్టి కాసేపు కూర్చోండి. వినికిడి లేనివాళ్లుంటే పాట పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లండి, వేలు పెట్టి చూపిస్తూ పాడొచ్చు. ప్రభురాత్రి భోజనం ఇంటికి తీసుకెళ్లే విషయం మాత్రం ముందు పాస్టర్‌గారితో మాట్లాడండి. ఎవరు తీసుకెళ్లవచ్చన్నది ఒక్కో సంఘంలో ఒక్కోలా ఉంటుంది, ఆ క్రమాన్ని దాటకూడదు.

పిల్లల యేసు జనన నాటికను కూడా ఇలాగే బయటికి తీసుకెళ్లొచ్చు. ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసీ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే చోట పశువుల తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు పుట్టుకను కళ్లకు కట్టేలా చేశారు. ఆ రాత్రి ఆయన కోరుకున్నది శిశువు పడిన లేమిని జనం కళ్లారా చూడాలని. అంత అలంకరణ అక్కర్లేదు మీకు. ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒక దుప్పటి, ఒక బొమ్మ చాలు. మందిరానికి రాలేని ముసలాయన ముందు గదిలో మరియ, యోసేపు నిలబడితే ఆయనకి క్రిస్మస్ వచ్చినట్టే. పిల్లలకీ అది స్టేజీ కంటే ఎక్కువ గుర్తుంటుంది.

లూకా సువార్తలో శుభవార్త ముందు ఎవరికి వచ్చింది? రాత్రి వేళ మందను కాస్తూ పొలంలో ఉన్న గొర్రెల కాపరులకి, అంటే నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లకి. మీ సంఘంలోనూ నర్సులు, సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు ఉంటారు. వాళ్లు ప్రతి ఏడాదీ క్రిస్మస్ ఆరాధన పోగొట్టుకుంటారు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్లకి ఆ రాత్రి ఒక ఫోన్ కాల్ చేయండి, డ్యూటీ దిగాక ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న ప్రార్థన పెట్టండి. ఒకావిడ తెల్లవారి డ్యూటీ దిగి నేరుగా మందిరానికి వస్తే, అప్పటికే అంతా అయిపోయి తాళం వేసి ఉండేదట. తర్వాత ఏడాది నుంచి తాళం తీసి నలుగురం ఉంటున్నాం.

దుఃఖంలో ఉన్న ఇళ్ల గురించి ఇంకొంచెం ఓపిగ్గా ఆలోచించండి. మనిషి పోయాక వచ్చే మొదటి క్రిస్మస్ చాలా బరువుగా ఉంటుంది. "పండగ కదా, నవ్వుతూ ఉండండి" అనే మాట వాళ్లని ఇంకా దూరం చేస్తుంది. కొన్ని దేశాల్లో సంఘాలు డిసెంబర్ 21 ప్రాంతంలో, ఉత్తరార్ధగోళంలో అతి పొడవైన రాత్రి వచ్చే రోజుల్లో, బ్లూ క్రిస్మస్ అని ఒక నిశ్శబ్ద ఆరాధన పెట్టుకుంటాయి. హడావిడి పాటలుండవు. కొవ్వొత్తి వెలిగిస్తారు, పోయినవాళ్ల పేర్లు చెప్పుకుంటారు, కీర్తన చదువుతారు, ఏడ్వాలనిపిస్తే ఏడుస్తారు. ఒక్క గంట, ఒక్క గది చాలు. నా అనుభవంలో దీనికి వచ్చినవాళ్లలో చాలామంది ఇరవై ఐదున మందిరానికి రాగలిగారు. కొందరు రాలేదు. రాకపోయినా పట్టుపట్టవద్దు. మా లిస్టులో ఒకాయన తలుపు తీసి "ఈ ఏడాది నన్ను వదిలేయండి" అన్నారు. సరేనని వచ్చేశాం, పేరు మాత్రం కొట్టేయలేదు.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటలు నెమ్మదిగా చదవండి. ఆకలిగొన్నవాడికి భోజనం పెట్టమన్నారు. కానీ రోగి విషయంలో బాగుచేశారని అనలేదు, చూడవచ్చారని అన్నారు. చెరసాలలో ఉన్నవాడి విషయంలో విడిపించారని అనలేదు, వచ్చారని అన్నారు. చిన్న సంఘానికి ఇది ఎంత ధైర్యమిచ్చే మాటో చూడండి. అలాగని ఆకలితో ఉన్న ఇంట్లో ప్రార్థన ఒక్కటే చేసి రాకూడదు. బట్టలూ తిండీ లేనివాళ్లతో "చలి కాచుకోండి, తృప్తిపొందండి" అని ఉత్త మాట చెప్పి పంపితే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక 2వ అధ్యాయం అడుగుతుంది. నిజంగా సరుకులు కావలసిన ఇల్లు మీ లిస్టులో ఒకటో రెండో ఉంటాయి. ఉన్న కొద్ది డబ్బూ అందరికీ తలా కొంచెం పంచకుండా ఆ ఒకటి రెండు ఇళ్లకే సరిపడా ఇవ్వండి.

ఇక జాగ్రత్తలు. వీటిలో మొహమాటపడకండి.

ఫొటోలు వద్దు. తీసుకునేవాళ్ల చేతిలో ప్యాకెట్ పెట్టి, పక్కన నలుగురు నిలబడి ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ ఇంటి పిల్లలు రేపు స్కూల్లో ఆ ఫొటో చూసినవాళ్ల మధ్యే కూర్చోవాలి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పారు. నాల్గవ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్‌గా ఉన్న నికోలస్ గురించి తరతరాలుగా చెప్పుకునే కథ కూడా అదే: కూతుళ్లకి పెళ్లి చేయలేక కుమిలిపోతున్న ఒక తండ్రి ఇంట్లోకి రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారు నాణేల మూటలు వేశాడని. శాంటా క్లాజ్ వెనకున్న మనిషి ఆయనే. సంఘానికి లెక్క చూపాలంటే రసీదులు చూపండి, మొహాలు కాదు.

సాయానికి షరతు పెట్టకండి. పక్కింటివాళ్లు వేరే విశ్వాసం వాళ్లు కావచ్చు. ఇచ్చి "ఆదివారం రండి" అంటే అది బేరం అవుతుంది. ఎందుకు చేస్తున్నారని వాళ్లే అడిగితే అప్పుడు మనసు విప్పి చెప్పండి.

పిల్లలున్న చోట ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఎంత నమ్మకస్తులైనా ఒక్కరే పిల్లలతో గదిలో ఉండకూడదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటికీ ఇద్దరిద్దరుగా వెళ్తేనే అందరికీ మంచిది. అప్పగించిన మనిషి ఒకరే, తోడుగా ఇంకొకరు.

ఆస్పత్రికి వెళ్తే సందర్శన వేళలు పాటించండి, చేతులు కడుక్కోండి, జలుబు దగ్గు ఉంటే వెళ్లకండి. పది నిమిషాలు చాలు. నర్సుని అడగకుండా తినడానికి ఏమీ ఇవ్వకండి. ప్రార్థన చేయవచ్చా అని రోగిని అడిగి, పక్క మంచాల వాళ్లకి ఇబ్బంది కాకుండా మెల్లగా చేయండి.

ఆ ఇళ్లలో విన్న విషయాలు మందిరంలో ప్రార్థన అంశాలుగా బయటికి రాకూడదు. అప్పులు, జబ్బులు, కొడుకు సంగతి, ఏదైనా సరే, వాళ్లు అనుమతిస్తేనే పదిమందిలో చెప్పాలి. ఒక్కసారి మాట బయటికి పొక్కితే ఆ తలుపు మళ్లీ మీకు తెరుచుకోదు.

సేవ చేసేవాళ్లలోనే తప్పిపోయినవాళ్లు ఉంటారు, వాళ్లనీ చూడండి. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక మందిరంలో కారిన మైనం, చిరిగిన రంగు కాగితాలు, చెల్లాచెదురైన కుర్చీలు మిగులుతాయి. అందరూ బంధువుల ఇళ్లకి బయల్దేరతారు. ప్రతి ఏడాదీ ఎవరో ఒక్కరే ఆగిపోయి చీపురు పట్టుకుంటారు. ఈసారి ఆ మనిషిని ముందే ఇంటికి పంపి, మీ యూత్ ఆ పని చేయాలి. సౌండ్ చూసుకునే కుర్రాడు, వంట దగ్గర ఉండిపోయే ఆడవాళ్లు కూడా అంతే. ఒక్క ఆరాధన వాళ్లూ కూర్చుని వినాలి.

ఆఖరుగా మీరు అడగని విషయం ఒకటి. డిసెంబర్ 26. చాలా సంఘాల క్యాలెండర్లో అది స్తెఫను దినం, పైన చెప్పిన ఆ ఏడుగురిలో మొదటివాడు. నా దృష్టిలో అసలు సేవ మొదలయ్యేది ఆ రోజే. ఇరవై ఐదు వరకు అందరూ అందరినీ తలుచుకుంటారు. ఆ తర్వాత లైట్లు తీసేస్తారు, ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వెళ్లిపోతారు, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. మూడో సందర్శన అప్పుడు జరగాలి. జనవరి 6 లోపు పెట్టుకోండి. ఆ మూడో సందర్శనలో "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి, వాళ్లు చెప్పిన తేదీని ఆ కాగితం మీద రాసుకోండి. మా దగ్గర మొదటి ఏడాది లిస్టులో సగం మందికే ఇది చేయగలిగాం, మిగతా సగానికి మనుషులు చాలలేదు. అందుకే మీకు చెప్పేది, పది మంది ఉంటే పది పేర్లే తీసుకోండి. ఇరవై పేర్లు వస్తే మిగతా పదిని పెద్దల దగ్గర పెట్టండి, ఫిబ్రవరిలో ఎవరైనా ఖాళీ అయితే అక్కడి నుంచి తీసుకోవచ్చు.